అడ్వాన్సు ముసుగులో వెట్టి

సహారా ఎడారికి పడమటి కొసన మారిటేనియా అనే దేశం ఉంది. ఒంటెలు, మేకలు, గొర్రెల మందలతో నీళ్లున్న చోటుకల్లా తరలిపోయే సంచార కుటుంబాలు అక్కడ తరతరాలుగా బతికాయి. ఆ మందలు కాసేవాళ్లలో, గుడారాలకు నీళ్లు మోసేవాళ్లలో చాలామంది బానిసలు. తల్లి బానిస అయితే బిడ్డా బానిసే. ప్రపంచంలో అన్ని దేశాలకంటే చివరగా ఆ దేశం బానిసత్వాన్ని రద్దు చేసింది. అది 1981లో. రద్దయితే చేశారు గానీ, మనిషిని బానిసగా ఉంచుకోవడం నేరమని చెప్పడానికి 2007 దాకా పట్టింది.

అదే ఎడారి అంచున ఉన్న నైజర్ దేశంలో హాదిజాతు మని అనే అమ్మాయిని 12 ఏళ్ల వయసులో అమ్మేశారు. ఏళ్ల తరబడి చాకిరీ చేసి, దెబ్బలు తిని, చివరికి ఆమె కోర్టుకెక్కింది. సొంత దేశపు కోర్టుల్లో న్యాయం దొరకలేదు. పశ్చిమ ఆఫ్రికా దేశాల ఉమ్మడి న్యాయస్థానానికి వెళ్లింది. 2008 అక్టోబరు 27న ఆ న్యాయస్థానం ఆమె పక్షాన తీర్పు చెప్పింది. చట్టం రాసి పెట్టుకుని, దాని కింద ఒక ఆడపిల్లను కాపాడలేకపోయినందుకు ప్రభుత్వమే దోషి అని తేల్చి, నష్టపరిహారం కట్టమంది. ఈ తీర్పును మనసులో ఉంచుకోండి. మన ఊరి సంగతి మాట్లాడేటప్పుడు ఇది అవసరమవుతుంది.

ఎడారిలో బానిసను కట్టడి చేయడానికి గోడలు అక్కర్లేదు. మంద యజమానిది. బావి యజమానిది. కనుచూపు మేర మరో మనిషి లేడు. పారిపోయి ఎక్కడికి వెళ్లాలి, ఎవరితో చెప్పుకోవాలి? మనిషిని తనవాళ్లకు, చట్టానికి, చెప్పుకునే నోటికి దూరం చేస్తే చాలు, గొలుసుతో పని లేదు.

ఈ దూరం మనకు తెలియనిది కాదు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు పల్లెల నుంచి అప్పు చేసి గల్ఫ్ వెళ్లినవాళ్లలో కొందరికి ఇంటి పనో, డ్రైవర్ పనో అని చెప్పి, అక్కడ దిగాక ఎడారిలో గొర్రెల దొడ్డికో ఒంటెల మందకో తోలారు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే అక్కడి యజమాని దగ్గర ఉంటుంది. ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. సౌదీ కార్మిక చట్టం ఫ్యాక్టరీ కూలీకి ఇచ్చే రక్షణలను గొర్రెల కాపరికి, ఇంటి పనివాళ్లకు ఇవ్వలేదు. 2021లో అక్కడ తెచ్చిన సంస్కరణల్లోనూ ఇంటి పనివాళ్లను చేర్చుకోలేదు.

గల్ఫ్ దాకా ఎందుకు? కోతలయ్యాక పొలాల్లో రాలిన గింజల కోసం బాతుల మందలను ఊరి నుంచి ఊరికి, రాష్ట్రం దాటించి కూడా తోలుకుపోయేవాళ్లు మన దగ్గరున్నారు. నెల్లూరు, తిరుపతి జిల్లాల్లో ఆ మందల వెంట తిరిగే కూలీలలో యానాదులు ఎక్కువ. 2025 మే నెలలో తిరుపతి జిల్లా గూడూరు ప్రాంతానికి చెందిన ఒక యానాది తల్లి తన కొడుకు కోసం పోలీసుల దగ్గరకు వెళ్లింది. కొన్ని వేల రూపాయల అప్పు తీరేదాకా పిల్లవాణ్ణి తన దగ్గర వదిలి వెళ్లమని బాతుల యజమాని అన్నాడు. వదిలి వెళ్లారు. డబ్బు కూడబెట్టుకుని వచ్చేసరికి పిల్లవాడు లేడు. పారిపోయాడని చెప్పారు. తమిళనాడులోని కాంచీపురం దగ్గర ఆ బిడ్డ శవాన్ని గోతిలోంచి బయటికి తీశారు. బాతుల యజమాని మీద వెట్టి చాకిరీ రద్దు చట్టం కింద కూడా కేసు పెట్టారు. ఇది మన కాలంలో, తెలుగు మాట్లాడే కుటుంబానికి జరిగింది.

ఇప్పుడు హైదరాబాద్‌కు, అందులోనూ మనం గొప్పగా చెప్పుకునే హైటెక్ సిటీకి వద్దాం.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయీ మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అంతకు ముందు ఆ చుట్టుపక్కల ఉన్నవి బండలు, చెరువులు, పల్లెలు. మాదాపూర్, ఖానామెట్, రాయదుర్గం, నానక్‌రాంగూడ, ఖాజాగూడ, ఇవన్నీ గుట్టల మధ్య ఊళ్లు. ఆ నల్లరాతి గుట్టలను పగలగొడితేనే పునాదులు పడతాయి. రాయి కొట్టడం, మట్టి తవ్వడం తరాల వృత్తిగా ఉన్నవాళ్లు వడ్డెరలు. పని ఎక్కడుంటే అక్కడ గుడిసె వేసుకుని, అయిపోగానే మూటాముల్లె సర్దుకునే సంచార బతుకు వాళ్లది. వాళ్ల వెనకే మహబూబ్‌నగర్ నుంచి పాలమూరు లేబరు వచ్చారు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు మనిషి తట్ట మోశాడు. ఆ తర్వాత ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, బెంగాల్ కూలీలు వచ్చారు. గచ్చిబౌలి దాటి కోకాపేట వైపు వెళ్తే కడుతున్న టవర్ల పక్కనే రేకుల షెడ్ల వరసలు కనిపిస్తాయి. ఉదయం డబ్బా పట్టుకుని లిఫ్టు ఎక్కేది వాళ్లే.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వలస వచ్చిన ప్రతి కూలీ వెట్టివాడు కాదు. చాలామంది ఇష్టపడి వస్తారు, కూలి తీసుకుంటారు, నచ్చకపోతే వేరే సైటుకు వెళ్తారు. అది శ్రమ, కష్టమైనా స్వేచ్ఛ ఉన్న శ్రమ. నేను మాట్లాడుతున్నది వెళ్లిపోతానంటే వెళ్లనివ్వని చోటు గురించి. అలాంటి చోట్లు ఈ నగరానికి సరుకు పంపే దారుల్లో ఉన్నాయి. వాటిలో ముందుగా చెప్పుకోవలసింది ఇటుక బట్టీ.

రంగారెడ్డి, సంగారెడ్డి, యాదాద్రి భువనగిరి జిల్లాల్లో, అంటే నగరం చుట్టూతా, బట్టీలున్నాయి. వీటిలోకి కూలీలు ఎక్కువగా ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి వస్తారు. అక్కడ కొత్త పంట పండగ నువాఖాయి అయ్యాక సర్దార్లు, అంటే మన వైపు గుంపు మేస్త్రీల్లాంటివాళ్లు, ఊళ్లలో దిగుతారు. పంట పోయిన ఇంటికి, పెళ్లి పెట్టుకున్న ఇంటికి, ఆసుపత్రి అప్పున్న ఇంటికి అడ్వాన్సు ఇస్తారు. భర్త, భార్య, పిల్లవాడు, ముగ్గురూ కలిస్తే ఒక జట్టు. అడ్వాన్సు జట్టుకు ఇస్తారు. పిల్లవాడు కూడా పనిమనిషే అన్న లెక్క అక్కడే మొదలవుతుంది.

ఆ అడ్వాన్సు ఎలా పనిచేస్తుందో కాగితం మీద చూద్దాం. లెక్క తేలడానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. జట్టుకు 60,000 రూపాయలు ఇచ్చారు. వెయ్యి ఇటుకలు కోస్తే 500 రూపాయలన్నారు. అప్పు తీరాలంటే 1,20,000 ఇటుకలు కొయ్యాలి. రోజుకు వెయ్యి చొప్పున కోస్తే 120 రోజులు. అంటే 4 నెలలు చేతికి కూలి అన్నది రాదు. మరి తిండి? వారానికి 600 రూపాయలు తిండి ఖర్చుకిచ్చి, అదీ పుస్తకంలో రాసుకుంటారు. 17 వారాలకు 10,200 రూపాయలు. దాన్ని తీర్చడానికి ఇంకో 20 వేల ఇటుకలు, ఇంకో 20 రోజులు. వాన పడి పచ్చి ఇటుక కరిగిపోతే ఆ రోజు చాకిరీ లెక్కలోకి రాదు. బిడ్డకు జ్వరమొస్తే మందుల డబ్బు మళ్లీ పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ పుస్తకం మేస్త్రీ దగ్గరుంటుంది. అందులో ఏం రాశారో చదవడం కూలీకి రాదు, చదువొచ్చినా అది తన భాషలో ఉండదు. సీజను ముగిసేసరికి ఇంకా బాకీ ఉందంటే, ఉందని ఒప్పుకోవలసిందే.

ఆ రోజుల్లో ఇంకో చోట ఎక్కువ కూలి ఇస్తామన్నా వెళ్లడానికి లేదు. ఊళ్లో తండ్రి చనిపోయాడన్నా కుటుంబమంతా కలిసి వెళ్లడానికి లేదు, ఎవరో ఒకరు పూచీగా ఉండాలి. కొట్టక్కర్లేదు, తాళం వెయ్యక్కర్లేదు. ఊరికి దూరంగా ఉన్న బట్టీ, రాని భాష, తీరని బాకీ, ఈ మూడూ కలిస్తే అది మన ఎడారి.

మాట వినకపోతే ఏమవుతుందో దేశం 2013 డిసెంబరులో చూసింది. అడ్వాన్సు ఇచ్చిన దళారులు ముందు చెప్పిన చోటికి కాకుండా ఆంధ్రప్రదేశ్ వైపు తీసుకెళ్తున్నారని తెలిసి కలహండి కూలీలు కొందరు తప్పించుకున్నారు. చిక్కిన ఇద్దరి చేతులు నరికేశారు. పత్రికల్లో వచ్చిన వార్త చూసి సుప్రీంకోర్టు తనంతట తాను ఆ కేసును చేపట్టింది.

మన వైపు పోలీసులు గట్టిగా కదిలిన సందర్భమూ ఉంది. రాచకొండ పోలీస్ కమిషనర్‌గా ఉన్నప్పుడు మహేశ్ భగవత్ ఆధ్వర్యంలో నగర శివారు ఇటుక బట్టీల నుంచి 350 మందికి పైగా పిల్లలను విడిపించారు. మనుషుల అక్రమ రవాణాపై చేసిన ఈ పనికి 2017లో అమెరికా విదేశాంగ శాఖ ఆయన్ను గౌరవించింది. విడిపించిన పిల్లలకు బట్టీల దగ్గరే ఒడియాలో చదువు చెప్పే బడులు పెట్టారు. ఒక అధికారి పట్టించుకుంటే ఇంత జరుగుతుంది. పట్టించుకోని చోట బట్టీలో పిల్లలు తడి ఇటుకలను తిరగేస్తూ ఉంటారు.

ఈ నేలకు వెట్టి కొత్త కాదు. దాన్ని ఎదిరించడమూ కొత్త కాదు. నిజాం రాజ్యంలో దొరల గడీల్లో వెట్టి చాకిరీ ఉండేది. జీతం ఉండటం పేరుతో తండ్రి చేసిన అప్పుకు కొడుకు పశువుల వెంట తిరిగేవాడు. విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. వెట్టిని తెంచడం తెలంగాణ సాయుధ పోరాటపు మొదటి డిమాండ్లలో ఒకటి. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. అయినా స్వాతంత్య్రం వచ్చిన 29 ఏళ్లకు గానీ వెట్టి చాకిరీ రద్దు చట్టం రాలేదు. 1976 నాటి ఆ చట్టంలో రద్దయిన పద్ధతుల జాబితా చదివితే భగేలా, జీతా, పాలేరు, వెట్టి, అన్నీ మన పల్లెల్లో వినపడ్డ పేర్లే.

చట్టం వచ్చింది కదా అని జీతగాళ్లు తెల్లారేసరికి విడుదల కాలేదు. సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా ఎస్.ఆర్. శంకరన్ గారు పల్లెలకు వెళ్లి, మీ అప్పు రద్దయింది, మీరు ఎవరికీ బాకీ లేరు అని జీతగాళ్లకు నేరుగా చెప్పారు. ప్రభుత్వ పెద్దల్లో కొందరికి అది రుచించలేదు. ఆయన తర్వాత త్రిపురలో ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 2010 అక్టోబరులో హైదరాబాద్‌లో కన్నుమూసేదాకా పేదల పక్షం వదల్లేదు. 1980లలో ఇదే రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో గీతా రామస్వామి గారు, ఆమె సహచరులు వ్యవసాయ కూలీలతో సంఘం కట్టి, ఇదే చట్టం చేతపట్టుకుని జీతగాళ్లను విడిపించారు. ఇవాళ ఆ ఇబ్రహీంపట్నం పక్కనే ఆదిభట్లలో ఐటీ కంపెనీ క్యాంపస్ ఉంది. విడుదల పత్రం కోసం జీతగాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగిన నేల అది.

అప్పటి వెట్టికి, ఇప్పటి వెట్టికి తేడా ఉంది. అప్పుడు దొర ఎవరో ఊరందరికీ తెలుసు. ఇప్పుడు కూలీకి తెలిసింది మేస్త్రీ ఒక్కడే. మేస్త్రీ పైన దళారి, దళారి పైన బట్టీ యజమాని, ఆ పైన కాంట్రాక్టరు, అతని మీద ఇంకో పెద్ద కాంట్రాక్టరు. ఎవరిని అడిగినా తన పైవాడినో కింది వాడినో చూపిస్తాడు. బాధ్యత మెట్టు మెట్టుకూ జారిపోతూ చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది. అప్పట్లో జీవితాంతం కట్టేసేవారు, ఇప్పుడు ఒక సీజను కట్టేస్తారు. మళ్లీ ఏడాది అదే అప్పు, అదే సర్దార్, అదే రైలు.

చట్టం ఏం చెబుతుందో ప్రతి ఒక్కరికీ తెలియాలి. అడ్వాన్సు తీసుకున్నందువల్ల మనిషి వేరే చోట పని చేసుకునే హక్కు కోల్పోతే, ఇష్టమొచ్చిన చోటికి వెళ్లే హక్కు కోల్పోతే, కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయవలసి వస్తే, అది వెట్టి చాకిరీ. ఆ అప్పు చట్టం దృష్టిలో రద్దయినట్టే. దాన్ని వసూలు చేయడమే నేరం. అప్పు వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవలసింది అప్పిచ్చినవాడు, కూలీ కాదు. నేరం రుజువైతే 3 ఏళ్ల దాకా జైలు శిక్ష. ఢిల్లీలో ఆసియా క్రీడల స్టేడియాలు కట్టిన కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు ఒక గొప్ప మాట చెప్పింది. ఆకలి వల్ల, పేదరికం వల్ల కనీస వేతనం కంటే తక్కువకు ఒప్పుకున్నా అది బలవంతపు చాకిరీయే అంది. ఇష్టపడే వచ్చారు కదా, డబ్బు తీసుకున్నారు కదా అనేవాళ్లకు ఆ తీర్పే జవాబు.

విడిపించిన మనిషికి విడుదల పత్రం ఇవ్వాలి. ఆ పత్రమే అన్నిటికీ తాళంచెవి. అది ఉంటేనే అప్పు తీరినట్టు రుజువు, అది ఉంటేనే పునరావాసం. 2016 నాటి కేంద్ర పథకం ప్రకారం మగవారికి లక్ష రూపాయలు, ఆడవారికి, పిల్లలకు 2 లక్షలు, మరీ దారుణమైన కేసుల్లో 3 లక్షలు ఇవ్వాలి. జిల్లా స్థాయిలో, డివిజన్ స్థాయిలో విజిలెన్స్ కమిటీలు ఉండాలి. చాలాసార్లు ఏం జరుగుతుందంటే, దాడి చేస్తారు, కూలీలను రైలెక్కించి పంపేస్తారు, పత్రం ఇవ్వరు. ఊరికి చేరిన కుటుంబం మళ్లీ అదే సర్దార్ చేతిలో పడుతుంది. రైలెక్కించడం విడుదల కాదు. నైజర్ ప్రభుత్వాన్ని 2008లో దోషిగా నిలబెట్టింది ఇలాంటి నిర్లక్ష్యమే. చట్టం ఉందని చెప్పుకుంటే సరిపోదు, అది మనిషి దాకా చేరాలి.

ఈ నగరం తన కూలీలను ఒక్కసారి కళ్లారా చూసింది. 2020 లాక్‌డౌన్‌లో సంగారెడ్డి దగ్గర కంది నిర్మాణ స్థలంలో చిక్కుకుపోయిన కూలీలు తమను ఇళ్లకు పంపమని, రావలసిన కూలి ఇమ్మని ఆందోళనకు దిగారు. రెండు రోజులకే, మే 1 తెల్లవారుజామున, దాదాపు 1,200 మందితో దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు జార్ఖండ్‌లోని హతియాకు బయల్దేరింది. అది బయల్దేరింది ఐటీ కారిడార్‌ను ఆనుకుని ఉన్న మన లింగంపల్లి స్టేషన్ నుంచే. అంతమంది మన పక్కనే ఉన్నారని చాలామందికి ఆ రోజే తెలిసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో 2 కోట్ల 76 లక్షల మంది బలవంతపు చాకిరీలో ఉన్నారు. ఆ అంకెలో ఎవరెవరున్నారో తెలియాలంటే పక్కకు తిరిగి చూడటం నేర్చుకోవాలి.

హైటెక్ సిటీలో, గచ్చిబౌలిలో, కొండాపూర్‌లో ఉన్న శ్రోతలకు నా విన్నపం ఇది. మీ అపార్ట్‌మెంట్‌లో ఏ ఇంట్లోనైనా 14 ఏళ్ల లోపు పిల్ల గిన్నెలు తోముతూ, బిడ్డను ఎత్తుకుని కనిపిస్తే, సొంత మనిషిలా చూసుకుంటున్నాం అన్న మాటతో సరిపెట్టుకోకండి. ఇంటి పనిలో చిన్న పిల్లలను పెట్టుకోవడం 2006 నుంచే నిషేధం. 1098కి ఫోన్ చేయండి. మీ ఇల్లు కడుతున్న సైటులో, ఇటుకలు వచ్చే బట్టీలో కూలీని కలిస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. కూలి ఎవరు ఇస్తున్నారు? ఎన్నాళ్లకు ఇస్తున్నారు? ఆధార్ కార్డు ఎవరి దగ్గర ఉంది? రేపు ఊరికి వెళ్తానంటే వెళ్లనిస్తారా? జవాబు చెప్పడానికి ఆ మనిషి మేస్త్రీ వైపు చూస్తే, 112కు చెప్పండి, లేదా కలెక్టర్‌కు, ఆర్డీవోకు, కార్మిక శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. కూలీని మీరే స్వయంగా బయటకు తీసుకురావాలని చూడకండి, అతని కుటుంబానికి ప్రమాదం రావచ్చు.

ఐటీ కంపెనీల పెద్దలకు, బిల్డర్లకు ఒక మాట. మీ సరుకుల కొనుగోలు ఒప్పందంలో నాణ్యతకు, ధరకు నిబంధనలు రాస్తారు. ఇటుక ఏ బట్టీ నుంచి వచ్చింది, అక్కడ కూలి నేరుగా కూలీ బ్యాంకు ఖాతాలో పడుతోందా అన్న నిబంధన కూడా రాయండి. భార్య చేసిన పనికి భార్య ఖాతాలోనే కూలి వేయమనండి. ప్రభుత్వాన్ని మనందరం అడగవలసింది ఒక్కటే: విడిపించిన ప్రతి మనిషి చేతిలో, రైలెక్కే ముందే, విడుదల పత్రం పెట్టమని. ఆ పత్రం కలెక్టర్ లేదా ఆర్డీవో సంతకంతో వస్తుంది. చట్టం ఆ అధికారం ఇచ్చి 50 ఏళ్లవుతోంది. ఇక సాకులకు తావు లేదు.